మొండయ్య సారును కొలిచిన నెల

నవంబర్ 11

నువ్వే. అవును, నిన్నే అంటున్నాను. మోకాళ్లు గీరుకుపోయి గ్రౌండ్ నుంచి ఇంటికొచ్చిన పిల్లను, కాళ్లయినా కడుక్కోనివ్వకుండా "గెలిచిండ్రా?" అని అడిగింది నువ్వే. ఓడిపోయామంటే మొహం ముడుచుకుని టీవీ వైపు తిరిగిందీ నువ్వే. పిల్లల ఆటను పాడుచేసింది ప్రభుత్వమూ కాదు, సెల్‌ఫోనూ కాదు. నువ్వు.

(ఇది నా డైరీ. చదివేది నేను తప్ప ఎవరూ లేరు. అయినా ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టి తిట్టకపోతే నా కలం కదలదు. ఇన్నేళ్లు కరపత్రాలు రాసిన అలవాటు. కాబట్టి నువ్వెవరివైనా సరే, అక్కడే నిలబడు.)

ఇవాళ స్కూల్ కమిటీ మీటింగ్ జరిగింది. మా అన్న కూతురు మాధురి నా దగ్గరుండి ఎనిమిది చదువుతోంది కనుక తల్లిదండ్రుల తరఫున నేనూ ఒక సభ్యురాలిని. అధ్యక్షుడు హార్డ్‌వేర్ దుకాణం బాపయ్య సేఠ్. ఆయన బల్ల మీద వేలితో టకటకా కొట్టి అన్నాడు:

"మూడేండ్ల సంది ఖో-ఖోల ఒక్క కప్పు రాలే. మొండయ్యను ఎందుకు పెట్టుకున్నం మనం? ఈ నెలతోని కాంట్రాక్టు అయిపోతది. ఇగ సాలు, పంపిద్దాం."

నేను లేచాను. నేను లేస్తే ఏమవుతుందో మహారాష్ట్రలోని ఈ బొగ్గుగనుల ఊరు ఘుగ్గుస్‌లో అందరికీ తెలుసు. ఇద్దరు సభ్యులు చాయ్ గ్లాసులు పక్కకు జరుపుకున్నారు. కప్పు ఇత్తడి ముక్క అనీ, పిల్ల మనిషి అనీ చెప్పాను. ఆట నేర్పేవాడు పిల్లలో ఏం పెంచాడు, ధైర్యమా, స్నేహమా, ఓర్పా, కొలిస్తే అది కొలవాలన్నాను. అల్మారాలో కప్పులు లెక్కపెట్టుకోవడం భూస్వామ్య బుద్ధి అన్నాను. ఇంకా చాలా అన్నాను. బాగా అన్నాను.

బాపయ్య సేఠ్ ఓపిగ్గా విన్నాడు. "మంచిగ చెప్పినవ్ అనసూయమ్మా. అయితే కొలువు. నువ్వే కొలిచి పట్కరా. మొండయ్య ఉంటడా పోతడా, నెలాఖరు మీటింగ్‌ల దాన్ని సూసే చెప్తం."

బయటికొచ్చాక గానీ నాకు అర్థం కాలేదు. ఒక మనిషి ఉద్యోగం నా చేతికి వచ్చింది. మంచిదే. వేరేవాళ్ల చేతికి పోవడంకన్నా నయం కదా.

నవంబర్ 12

విజయ్‌కుమార్ నవ్వుతున్నాడు. కట్టుకున్నవాడు. బస్టాండ్ దగ్గర జిరాక్సు, డీటీపీ దుకాణం నడుపుతాడు. నా కరపత్రాలన్నీ కంపోజ్ చేసింది అతనే, కాబట్టి నా భావాలన్నీ చదివినవాడు. మారినవాడు మాత్రం కాదు.

"పిల్లల గుణాలు కొలుస్తవా? కిలోలల్లనా, లీటర్లల్లనా?"

"ప్రశ్నలడిగి కొలుస్తాను."

"ఎన్ని?"

"నలభై."

"అయ్యో పాపం మొండయ్య," అన్నాడు.

నవంబర్ 14

ప్రశ్నలు తయారయ్యాయి. అన్నీ స్వచ్ఛమైన తెలుగులో. మన పిల్లలకు బడిలో మరాఠీ, బజారులో హిందీ. వాళ్ల మనసులో ఏముందో అడిగేటప్పుడైనా అమ్మ భాషలో అడగవద్దా? ఇది విధానపరమైన విషయం. ఇందులో రాజీ లేదు.

విజయ్ ఒక్కొక్కటీ టైపు చేస్తూ పైకి చదువుతున్నాడు.

"'మీ శిక్షకుడు సహచరుల సమక్షంలో మిమ్మల్ని అవమానపరుస్తాడా?' గిదేంది, ఠాణాల అడిగినట్టు? 'జ్వరంతో ఉన్నా పరుగెత్తిస్తాడా?' 'చేయి చేసుకుంటాడా?' మంచియి ఒక్కటి గూడ అడగవా?"

"మంచివి అడిగితే అందరూ అవుననే అంటారు. చెడు లేదని రుజువైతేనే అది నిజమైన మంచి."

ప్రతి ప్రశ్న పక్కన మూడు గడులు పెట్టించాను. ఎల్లప్పుడూ, అప్పుడప్పుడు, ఎన్నడూ లేదు. మంచి కోచ్ అయితే గుర్తులన్నీ మూడో గడిలో పడాలి. ఎంత శుభ్రమైన పద్ధతి!

విజయ్ ఆఖరున ఏదో అనబోయాడు. "పిల్లలకు..." అన్నాడు. నేను చెయ్యెత్తాను. ఆగిపోయాడు.

నవంబర్ 18

గ్రౌండ్‌కు వెళ్లి కాగితాలు పంచాను. ఖో-ఖో జట్టులో అందరూ తెలుగు పిల్లలే, ఎక్కువమంది గని కాలనీ వాళ్లు. చుట్టూ మూగి గలగలా ఒకటే మాటలు. ఎంత చక్కని తెలుగు! నా కళ్లు చెమర్చాయి. (లారీల దుమ్ము కూడా కావచ్చు.)

మొండయ్యను గేటు బయటికి పంపించాను. నల్లకళ్లద్దాలు, రంగేసిన జుట్టు, మెడలో ఈల. "పరీచ్చ నాకా, పిల్లలకా అక్కా?" అని నవ్వుకుంటూ పోయాడు. ఈ మనిషి ప్రతి మ్యాచ్‌కు ముందు ఖో-ఖో స్తంభం దగ్గర కొబ్బరికాయ కొడతాడు. దాని మీద నేను నిరుడు ఒక వ్యాసం రాశాను. అయినా నా మనసులో పక్షపాతం లేదు.

"అత్తమ్మా, నువ్వే చదువుకుంట అడగరాదు?" అంది మాధురి.

"నేను చదివితే నా ప్రభావం పడుతుంది. మీకు మీరుగా రాయండి."

దూరంగా వెళ్లి నిలబడ్డాను. పిల్లలు తలలు దగ్గర పెట్టి కాసేపు గుసగుసలాడుకున్నారు, కాసేపు నవ్వుకున్నారు. చూస్తుండగానే అయిపోయింది. నలభై ప్రశ్నలు అంత త్వరగానా! స్పష్టమైన అభిప్రాయాలున్న పిల్లలు.

నవంబర్ 19

అన్నీ మొదటి గడిలోనే.

నవంబర్ 20

నాకు తెలుసు. నాకు ముందే తెలుసు. ఈల మెడలో వేసుకున్న ప్రతివాడూ ఒక చిన్న దొర. కొడతాడట, ఎల్లప్పుడూ. అందరి ముందూ అవమానిస్తాడట, ఎల్లప్పుడూ. జ్వరమొచ్చినా ఉరికిస్తాడట, దాహమేస్తే నీళ్లు తాగనివ్వడట, ఓడితే మాట్లాడడట. ఒక్క పిల్ల కూడా వేరే మాట రాయలేదు. అందరూ ఒకే మాట అంటున్నారంటే ఆ భయం ఏ స్థాయిలో ఉండాలి! ఒకరో ఇద్దరో అంటే అనుమానించేదాన్ని. అందరూ! దీనికన్నా రుజువు ఏం కావాలి?

కప్పు రాలేదని ఇతన్ని తీసేస్తామన్న బాపయ్య సేఠ్‌ది తప్పే. తీసేయాల్సింది వేరే కారణానికి.

విజయ్ కాగితాలు తిరగేసి చూశాడు. "మాధురిని అడిగినవా?"

"బాధితురాలిని ఇంట్లో కూర్చోబెట్టి విచారించడం అనైతికం."

"బాధితురాలు పొద్దుగాల నాలుగు రొట్టెలు తిని పాట పాడుకుంట గ్రౌండ్‌కు పోయింది."

భయం అలాగే ఉంటుంది. లోపల దాగి ఉంటుంది. ఇతనికేం తెలుసు? రెండు పేజీల నివేదిక రాశాను. చివరి పేరా మీద నాకే గౌరవం కలిగింది.

నవంబర్ 21

నివేదిక బాపయ్య సేఠ్‌కు ఇచ్చాను. ఆయన చిన్నప్పుడు మంచిర్యాలలో తెలుగు చదివాడు. కళ్లద్దాలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాడు.

"అయ్యయ్యో. నేను కప్పు రాలే అన్న గంతే. నువ్వు మనిషినే ముంచేసినవ్ గదమ్మా."

ఆయన గొంతులో ఉన్నది మెచ్చుకోలే అనుకుంటున్నాను. రేపే మొండయ్యకు నోటీసు ఇస్తారట, నెలాఖరు మీటింగ్‌లో ఖాయం చేస్తారట.

నవంబర్ 23

మాధురి బడి నుంచి వచ్చి బ్యాగు మూలకు విసిరింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. నా వ్యాఖ్య లేకుండా.

"అత్తమ్మా, సార్‌ను తీసేస్తున్రంట. నోటీస్ ఇచ్చిన్రంట. ఖరంచ్ కా? నిజమేనా?"

"బాధపడకు. ఇక మిమ్మల్ని ఎవరూ కొట్టరు."

"ఎవరు కొడ్తున్రు?"

"మీ సారు."

"సార్ కొట్టుడేంది? సార్ బల్లిని సూస్తేనే పోల్ ఎక్కుతడు."

నేను కాగితాల కట్ట తెచ్చి ముందు పడేశాను. "మరి ఇదేమిటి? జ్వరమొచ్చినా పరుగెత్తిస్తాడా? ఎల్లప్పుడూ. మీరే కదా గుర్తు పెట్టింది?"

అది కాగితం అటు తిప్పింది, ఇటు తిప్పింది. "అండ్ల గట్ల రాసుందా?"

"చదవలేదా?"

"నాకు తెలుగు చదవస్తదా అత్తమ్మా? మాట్లాడుడే అస్తది. మా టీమ్‌ల ఎవ్వరికి రాదు."

"మరి ఎట్లా నింపారు?"

"మూడు డబ్బాలున్నయి గదా. మొదటిది ఫస్ట్ నంబర్, నడిమిది సెకండ్, ఆఖరిది థర్డ్ అని వనిత చెప్పింది. అందరం సార్‌కు ఫస్టే ఇచ్చినం. అన్నిట్ల ఫస్ట్." కాసేపు నా మొహంలోకి చూసింది. "ఎక్కువ ఇచ్చినమా?"

"చదవడం రాదని నాకు చెప్పొచ్చు కదా!"

"నువ్వే చదివి అడగమన్న గదా. ప్రభావం పడ్తదన్నవ్."

నవంబర్ 24

ఇవాళ రాయడానికి ఏమీ లేదు.

నవంబర్ 25

దీనికి బాధ్యులు ఎవరో నిదానంగా ఆలోచించాను. మొదటిది, రాష్ట్రాల గీతలు గీసినవాళ్లు. గీతకు ఇవతల మిగిలిన పిల్లలకు అమ్మ భాషలో అక్షరం దక్కకుండా చేశారు. రెండోది, విద్యాశాఖ. మూడోది, గనుల యాజమాన్యం. తెలంగాణ నుంచి కూలీలను తెచ్చుకున్నారు కానీ వాళ్ల పిల్లల చదువు గురించి అనుకున్నారా? నాలుగోది, విజయ్‌కుమార్. నోరు విప్పి చెప్పొచ్చు కదా?

"చెప్పబోతే చెయ్యెత్తినవ్," అన్నాడు. "నీ చెయ్యి లేస్తే నా నోరు మూతపడ్తది. పెండ్లైనప్పటి సంది అలవాటు."

ఇప్పుడు నా ముందున్న సమస్య సున్నితమైనది. నివేదిక తప్పని నేనే చెప్తే, రేపు నేను రాసే ఏ మాటనైనా ఎవరు నమ్ముతారు? ఇది నా పరువు గురించి కాదు. ఉద్యమం పరువు గురించి. కొత్తగా మరాఠీలో ఇంకో ప్రశ్నల కాగితం వేయించి, చప్పుడు లేకుండా నింపించి, "అదనపు సమాచారం" అని పెడితే? "సవరణ" అనకూడదు. "విస్తృత పరిశీలన" అనవచ్చు.

విజయ్‌కు చెప్పాను. ఈసారి నవ్వలేదు. "పొయ్యి ముందుగాల ఆ మనిషి మొఖం సూసిరా," అన్నాడు.

నవంబర్ 26

వెళ్లాను. చూడ్డానికే. మాట్లాడే ఉద్దేశం లేదు.

పిల్లలు ఆడుతున్నారు. గోడ అవతల బొగ్గు లారీలు పోతున్నాయి. మొండయ్య అరుస్తున్నాడు. దేవుడా (ఊతపదం మాత్రమే), ఏం అరుపు! "గట్టిగా అరుస్తాడా?" అన్నది నా ముప్పై ఒకటో ప్రశ్న. ఆ ఒక్కదానికి మాత్రం ఎల్లప్పుడూ అన్నది నిజమే.

ఆట అయ్యాక ఇళ్లకు పోతారనుకున్నాను. పోలేదు. గుండ్రంగా మట్టిలో కూర్చున్నారు. బాపయ్య సేఠ్ మనవరాలు వనిత లేచి నిలబడింది.

"నేనెట్ల ఔటయిన్నంటే, ఎన్కకు సూడకుండ పోల్ దిక్కు ఉరికిన. గంతే."

కూర్చుంది. ఇంకో పిల్ల లేచింది. "నేను ఖో లేట్ ఇచ్చిన. ఎందుకంటే మాధురి అడ్డం..."

మొండయ్య ఈల ఊదాడు. "పేరొచ్చింది. మళ్ల మొదటి సంది."

ఆ పిల్ల నాలుక కరుచుకుని, నవ్వి, మళ్లీ మొదలుపెట్టింది. "నేను ఖో లేట్ ఇచ్చిన. నా సూపు వేరే దిక్కుండె."

ఇది వాళ్ల పద్ధతట. ఆట అయ్యాక ఎవరి పొరపాటు వాళ్లు నిలబడి చెప్పాలి. ఇంకొకరి పేరు నోట్లోంచి వస్తే ఈల. గెలిచినా అంతే, ఓడినా అంతే. నా నలభై ప్రశ్నల్లో దీని గురించి ఒక్కటీ లేదు.

మొండయ్య నన్ను చూశాడు. కళ్లద్దాలు తీసి నమస్తే పెట్టాడు.

"మీరు రాసింది బాపయ్య సేఠ్ చదివి వినిపించిండు అక్కా. మంచిగ రాసిన్రు. నేను గంత భయంకరమైనోణ్నని నాకే తెల్వకపాయె. మా ఇంటిదానికి ఒక కాపీ ఇయ్యిన్రి. ఆమె నన్ను లెక్కనే చేస్తలేదు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు.

"ఉద్యోగం పోతే ఏం చేస్తారు?" అని అడిగాను.

"సిమెంటు ఫ్యాక్టరీ గేటు కాడ సెక్యూరిటీకి రమ్మంటున్రు. ఆడ గూడ ఈల ఇస్తరంట." నవ్వుతూనే అన్నాడు. కానీ పిల్లలు ఈసారి నవ్వలేదు.

"పొరపాటు జరిగింది," అన్నాను. "భాషా విధానం వల్ల, సరిహద్దులు గీసినప్పుడు ప్రభుత్వం..."

ఈల. ఊదింది మొండయ్య కాదు. వనిత, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని.

"పేరొచ్చింది!"

"ప్రభుత్వం పేరు కూడా చెప్పకూడదా?" అన్నాను. వాదనలో నేను అంత తేలిగ్గా వదిలిపెట్టే మనిషిని కాదు.

"ఎవ్వరిది రావద్దు," అంది వనిత. "కూసోండ్రి మేడం. నిమ్మళంగ చెప్పుండ్రి."

చీర నల్లబడుతుందని తెలిసీ కూర్చున్నాను. మళ్లీ మొదలుపెట్టాను. నోట్లోకి విద్యాశాఖ వచ్చింది, ఈల. విజయ్ వచ్చాడు, ఈల. మాధురి నవ్వు ఆపుకోలేక తల మోకాళ్లలో దాచుకుంది. ఇన్నేళ్లుగా వేదికలెక్కి మాట్లాడుతున్నాను. ఇంకొకరి పేరు లేకుండా ఒక్క వాక్యం రావడం లేదు.

చివరికి వచ్చింది. "మీకు చదవడం రాని కాగితం నేను మీకిచ్చాను. వస్తుందా అని అడగలేదు."

ఎవరూ ఈల ఊదలేదు. అందరూ నా వంక మామూలుగా చూశారు, ఖో లేటుగా ఇచ్చిన పిల్లను చూసినట్టే. తర్వాతి పిల్ల లేచింది.

నవంబర్ 30

మీటింగ్. మొండయ్యను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. కిటికీలోంచి రంగేసిన జుట్టు కనిపిస్తోంది.

నేను లేచి, గ్రౌండ్‌లో చెప్పిన రెండు వాక్యాలే చెప్పాను. మూడోది నోటిదాకా వచ్చింది. అందులో విద్యాశాఖ ఉంది. మింగేశాను.

సభ్యులు చాయ్ గ్లాసులు పక్కకు జరుపుకుని ఎదురుచూశారు. నా ఉపన్యాసం ఇంకా మొదలు కాలేదని అనుకున్నారనుకుంటాను. "అయిపోయిందా?" అని ఒకాయన అడిగాడు కూడా.

బాపయ్య సేఠ్ నా నివేదిక పైకెత్తాడు. "అంటే ఇది చెల్లది అంటవా?"

"చెల్లదు. అరుపు ఒక్కటే నిజం."

"సరే, ఒప్పుకున్నవ్. మంచిదే. గని ఇప్పుడు కప్పూ లేదాయె, కొలతా లేదాయె. దేన్ని సూసి ఉంచాలె మొండయ్యను? నువ్వే చెప్పు."

ఇది న్యాయమైన ప్రశ్న. నాకది నచ్చలేదు కానీ న్యాయమైనదే. గ్రౌండ్‌లో చూసింది చెప్పాను. గుండ్రంగా కూర్చోవడం, నిలబడి చెప్పడం, పేరొస్తే ఈల. అలంకారాలు లేకుండా చెప్పాను. నాకే చప్పగా అనిపించింది.

బాపయ్య సేఠ్ మొహం మారింది.

"ఆగు ఆగు. గీ రోగం మా వనితకు ఈడికెళ్లే అంటిందా?"

"ఏ రోగం?"

"మొన్న ఐతారం దుకాణంల కూసుండవెట్టిన. ఒకాయనకు తక్కెడల మొలలు జోకి ఇచ్చింది. ఆయన మెట్లు దిగినంక ఎన్కకు పిలిచి, 'కాకా, డబ్బా బరువు తియ్యకుండ జోకిన, నా తప్పు, మళ్ల జోకుత' అన్నది. దుకాణం నిండ మంది ఉన్నరు! డబ్బాతోనే జోకుమని దానికి చెప్పింది నేన..."

ఆగిపోయాడు. ఆలస్యమైంది. గదిలో ఒకాయనకు చాయ్ పొలమారింది. హెడ్ మిస్ట్రెస్ వైశాలి మేడంకు తెలుగు సగమే తెలుసు. ఆ సగం సరిపోయినట్టుంది, పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది నా పేరైతే చెప్పలే," అన్నాడు బాపయ్య సేఠ్ మెల్లగా. "మంది ముందట నా పేరు చెప్పలే. తనదే తప్పన్నది. ఇంటికి పోయినంక గూడ ఎవ్వలికి చెప్పలే."

నేను ఏదో అనబోయాను. ఈసారి ఆయన చెయ్యెత్తాడు.

"నువ్వు మాట్లాడకు. నువ్వు మాట్లాడితే మళ్ల నాకు కోపమొస్తది." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. "పరీచ్చలయ్యేదాక ఉండనియ్యుండ్రి మొండయ్యను. నోటీసు వాపస్ తీస్కుందాం. జూన్ల ఏం చెయ్యాల్నో మళ్ల సూద్దాం. అనసూయమ్మా, నీకేం కావాల్నో రాసియ్యి. గీసారి నాకు అర్థమయ్యేటట్టు రాయి."

బయట మొండయ్యకు చెప్పాను. లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. ఈల చేతిలోకి తీసుకుని కొంతసేపు చూసుకున్నాడు. "స్తంభం కాడ ఒక కొబ్బరికాయ కొట్టాలె అక్కా," అన్నాడు. "మీకు అభ్యంతరం లేకుంటే."

అభ్యంతరం ఉంది. చెప్పలేదు.

డిసెంబర్ 2

నా మొదటి చిత్తు తొమ్మిది పేజీలు వచ్చింది. చరిత్ర, నేపథ్యం, సిద్ధాంతం. విజయ్ చదివి, "డిమాండ్లు ఏడున్నయి?" అన్నాడు. సాయంత్రం మాధురిని, వనితను కూర్చోబెట్టుకుని మళ్లీ రాశాను. వాళ్లు వద్దన్నవి కొట్టేశాను. కొట్టేస్తుంటే ప్రాణం పోయింది. మరాఠీ కాపీ మాధురి రాసింది. బాపయ్య సేఠ్‌కు రేపు ఇచ్చేది ఇదే:

1. మొండయ్య సారు జూన్ తర్వాత కూడా మా బడిలో ఖో-ఖో నేర్పాలి.

2. కప్పు రాలేదన్న కారణంతో ఏ కోచ్‌నూ తీసేయకూడదు.

3. కోచ్ గురించి తెలుసుకోవాలంటే కమిటీ సభ్యులు నెలకొకసారి గ్రౌండ్‌కు వచ్చి, ఆట అయ్యేదాకా కూర్చోవాలి. మట్టిలో.

4. పిల్లలను ఏదైనా అడిగితే వాళ్లు చదవగలిగే భాషలో అడగాలి. లేదా నోటితో అడగాలి.

5. బడి అయ్యాక వారానికి రెండు రోజులు, ఇష్టమున్న పిల్లలకు తెలుగు చదవడం నేర్పాలి. నేను నేర్పుతాను. గది ఇవ్వాలి.

6. ఆట సరిగా రాని పిల్లను జట్టులోంచి తీసేయమని సారును ఎవరూ అడగకూడదు.

7. ఆటకు ముందు గ్రౌండ్‌లో నీళ్లు చల్లించాలి. దుమ్ము ఊపిరి ఆడనివ్వడం లేదు.

8. సారు కొంచెం మెల్లగా అరవాలి.

9. ఇవేవీ కుదరకపోతే, మొదటిది ఒక్కటి చాలు.